ఫుట్‌బాల్‌లో తప్పుల మీద తప్పులు చేసి 4-1తో ఓడిపోయాం. కార్తీకంలో అదే జట్టుతో మళ్ళీ ఆట ఉంది. గోలీని మార్చాలా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. గుణుపురం వైపున్న ఒక పాఠశాల జట్టుతో మా పిల్లలు ఏటా రెండు ఫుట్‌బాల్ ఆటలు ఆడతారు. మొదటిది మా మైదానంలో, రెండోది వాళ్ళ మైదానంలో జరుగుతుంది. దసరా సెలవులకు ముందు జరిగిన మొదటి ఆటలో మేము 4-1తో ఓడిపోయాం. ఎదుటి జట్టు మంచి జట్టే. కానీ ఆ రాత్రి ఇంటికి వెళ్ళి ఒక్కొక్క గోల్‌నూ కాగితం మీద రాసి చూసుకుంటే, నాలుగింటిలోనూ వాళ్ళకు దారి ఇచ్చింది మా పిల్లలేనని తేలింది.

ఆట మొదలయ్యే వేళకు వాన వెలిసి గంట కూడా కాలేదు. మా మైదానంలో ఉత్తరం వైపు గోల్ ముందు చిన్న వానకే నీళ్ళు నిలుస్తాయి. తొమ్మిదో నిమిషంలో మా గోలీ గోల్‌కిక్‌ను (గోల్ ముందు నుంచి ఆట మళ్ళీ మొదలుపెట్టే బంతిని) దూరంగా కొట్టకుండా, డీ (గోల్ ముందు గీసిన పెనాల్టీ పెట్టె) లోపలే నిలబడ్డ సెంటర్ బ్యాక్‌కు, అంటే వెనుక వరుస మధ్యలో కాపు కాసేవాడికి, అందించబోయాడు. బంతి సగం దూరం వెళ్ళి బురదలో ఆగిపోయింది, వాళ్ళ ఫార్వర్డ్ వచ్చి దాన్ని లోపలికి నెట్టేశాడు. పావుగంట తరువాత అదే సెంటర్ బ్యాక్ కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోలీ చేతులతో పట్టుకున్నాడు. అలా పట్టుకోకూడదు కనుక రిఫరీ వాళ్ళకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (కొట్టినవాడు కాక ఇంకొకరిని తాకాకే గోల్ లెక్కకు వచ్చే ఫ్రీకిక్) ఇచ్చారు. మా వాళ్ళు ఆయనతో వాదించి వెనక్కి వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక చెల్లాచెదురుగా ఉండగానే విజిల్ మోగింది, వాళ్ళలో ఒకడు బంతిని కదిపితే ఇంకొకడు గోల్‌లోకి కొట్టాడు. విరామానికి ముందు కార్నర్ నుంచి వచ్చిన బంతిని మా కుర్రవాడు తలతో గోల్ చేశాడు. అప్పటి నుంచి పది నిమిషాల పాటు మా పిల్లలు ఎంత చక్కగా ఆడారో చెప్పలేను. రెండో సగంలో మా రైట్ బ్యాక్ డీలో ఎదుటివాడి చొక్కా పట్టుకుని లాగడంతో పెనాల్టీ వచ్చింది, అది మూడో గోల్ అయింది.

నాలుగో గోల్ గురించి రాయడం నాకు కష్టంగా ఉంది. గాలిలో వచ్చిన బంతి కోసం గోలీ కేక వేస్తూ ముందుకు వచ్చాడు, సెంటర్ బ్యాక్ కూడా దాని మీదికే వెళ్ళాడు, ఇద్దరూ ఢీకొని పడిపోయారు, ఎవరూ తాకని బంతి దొర్లుకుంటూ ఖాళీ గోల్‌లోకి వెళ్ళింది. ఇవి చాలనట్టు, పక్క గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసిరే మా త్రోలు ఐదింటిలో కాలు లేపారని రిఫరీ బంతిని ఎదుటి జట్టుకు ఇచ్చారు.

రెండో ఆట కార్తీక పౌర్ణమి తరువాతి శనివారం జరుగుతుంది. మా జట్టులో తెలుగు ఇళ్ళ పిల్లలు, ఒడియా ఇళ్ళ పిల్లలు, కొండ మీది సవర గిరిజన గ్రామాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు కలిసి ఆడతారు. హాస్టల్ పిల్లలు సెలవులకు ఊళ్ళకు వెళ్ళిపోతారు కనుక అందరూ కలిసి సాధన చేయడానికి పదిహేను రోజులకు మించి మిగలవు. గోలీని మార్చమని తల్లిదండ్రులు, పాత విద్యార్థులు నన్ను ఒత్తిడి చేస్తున్నారు. అతను తొమ్మిదో తరగతి అబ్బాయి, ఆట అయిన నాటి నుంచి మైదానం వైపు రావడం లేదు. పదో తరగతిలో పొడగరి అబ్బాయి ఒకడు ఉన్నాడు గానీ గోల్‌లో నిలబడిన అనుభవం రెండు నెలలే. నేనేం చేస్తే బాగుంటుంది? ఉన్న కొద్ది రోజుల్లో ముందు దేన్ని సరిదిద్దాలి?

పాత గోలీ (బరంపురం):

మాస్టారూ, పాఠశాలలోనూ కళాశాలలోనూ కలిపి ఎనిమిదేళ్ళు నేను గోల్‌లో నిలబడ్డాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ అబ్బాయిని మార్చవద్దు. ఫార్వర్డ్ పది తప్పులు చేసినా చూసినవాళ్ళు ఇంటికి వెళ్ళేలోగా మరచిపోతారు, గోలీ చేసిన ఒక్క తప్పు మాత్రం స్కోరులో అంకెగా నిలిచిపోతుంది. అందుకే ఓడిన ప్రతి ఊరిలోనూ ముందు వినిపించే మాట గోలీని మార్చమనే. మీరే రాసిన నాలుగు గోల్స్‌నూ ఒకసారి నా కళ్ళతో చూడండి.

మొదటి దానిలో గోల్‌కిక్‌ను దగ్గరివాడికి ఇవ్వమని అతనికి ఎవరు చెప్పారు? 2019కి ముందు గోల్‌కిక్ డీ దాటి బయటికి వెళ్తే గాని ఆటలోకి వచ్చినట్టు కాదు. ఆ ఏడాది నియమం మారి, బంతి కదిలితే చాలు, తన జట్టువాడు డీ లోపలే అందుకోవచ్చు అన్నారు. అప్పటి నుంచి టీవీలో పెద్ద జట్లు గోల్ ముందు నుంచే చిన్న చిన్న పాసులతో ఆట మొదలుపెడుతుంటే మన పిల్లలూ అదే నేర్చుకుంటున్నారు. చదునైన పచ్చిక మీద అది చక్కని పద్ధతే. నీళ్ళు నిలిచిన నేల మీద బంతి ఎంత దూరం వెళ్తుందో కొట్టినవాడికే తెలియదు. ఆ పద్ధతి మీరు నేర్పినదైతే, ఆ గోల్‌ను అబ్బాయి ఖాతాలో వేయడం న్యాయం కాదు. నా మాటకు నొచ్చుకోరని అనుకుంటున్నాను.

రెండో దానిలో తప్పు అతనిదే, కాని సగమే. ఎదుటివాడు మీదికి వస్తున్నప్పుడు సెంటర్ బ్యాక్ బంతిని పక్క గీత దాటించి ఉంటే ఒక త్రోతో పోయేది. చేతులు వాడకూడదని గోలీకి తెలియకపోదు, భయంలో చేతులే ముందు కదులుతాయి. దీనికి మందు ఒక్కటే. సాధనలో రోజూ ఇరవై సార్లు వెనక్కి వచ్చే బంతిని మొదటి తాకుడుకే పక్కకు కొట్టించండి. మూడో దానితో అతనికి సంబంధమే లేదు. 11 మీటర్ల దూరం నుంచి కొట్టిన పెనాల్టీని ఆపలేదని పిల్లవాణ్ణి ఎవరూ నిందించకూడదు.

నాలుగో గోల్ విషయంలో నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. అతను కేక వేశాడని రాశారు. ఏమని వేశాడు? ఆ కేక సెంటర్ బ్యాక్‌కు వినిపించిందా, వినిపిస్తే అతనికి ఏమని అర్థమైంది? ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడగండి. ఒకరి ఎదుట ఒకరిని అడిగితే ఇద్దరూ తలవంచుకుని తప్పు నాదే అంటారు, మీకు నిజం తెలియదు.

విజిల్ (జయపురం):

కోరాపుట్ జిల్లాలో పాఠశాల ఆటలకు రిఫరీగా వెళ్తుంటాను కనుక నియమాలకు సంబంధించినంత వరకు చెబుతాను.

గోలీ బ్యాక్ పాస్‌ను చేత్తో పట్టుకుంటే వచ్చే ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్‌కు ఎలా నిలబడాలో చాలా జట్లకు తెలియదు, మీ రెండో గోల్ అందుకే వచ్చింది. గోలీ అలా పట్టుకోకూడదన్న నియమం 1992లో వచ్చింది, కానీ డీ లోపల అలాంటి ఫ్రీకిక్ అరుదుగా పడుతుంది కాబట్టి దాన్ని సాధన చేసేవారు తక్కువ. మామూలుగా ఎదుటి జట్టు బంతికి 9.15 మీటర్ల దూరంలో ఉండాలి. గోల్‌కు అంత దూరం లేనప్పుడు రెండు స్తంభాల మధ్య గోల్ గీత మీద నిలబడడానికి అనుమతి ఉంది. స్తంభాల మధ్య వెడల్పు 7.32 మీటర్లు. మీ పదకొండు మందీ ఆ గీత మీద భుజం భుజం కలిపి నిలబడవచ్చు, బంతి కదలగానే గోలీ, ఇంకొకరు ముందుకు దూకవచ్చు. కొట్టినవాడి కాలి నుంచి బంతి ఇంకెవరినీ తాకకుండా నేరుగా గోల్‌లోకి వెళ్తే అది గోల్ కాదు, మీకు గోల్‌కిక్ వస్తుంది. అలా జరిగితే కంగారుపడి బంతిని తాకవద్దని కూడా పిల్లలకు చెప్పండి. రిఫరీ చేయి పైకెత్తి ఉంచితే అది ఇన్‌డైరెక్ట్ అని గుర్తు.

త్రోలో రెండు పాదాలలోనూ కొంత భాగం గీత మీదో, గీత బయటి నేల మీదో ఆనుకుని ఉండాలి, బంతి రెండు చేతులతో తల వెనుక నుంచి తల మీదుగా రావాలి. పరుగెత్తుకొచ్చి విసిరే పిల్లలకు వెనుక కాలు లేవడం అలవాటు. ఆ కాలి బొటనవేలిని నేల మీద గీతలాగా ఈడ్చుకుంటూ విసరమని చెప్పండి. రెండు సాయంత్రాల్లో కుదురుతుంది.

మీ గోలీకి ఇంకొక మాట చెప్పండి. 2025 జులై నుంచి అమలులోకి వచ్చిన నియమం ప్రకారం గోలీ బంతిని 8 సెకన్లకు మించి చేతుల్లో ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తారు. చివరి 5 సెకన్లను రిఫరీ చేయెత్తి వేళ్ళతో లెక్కపెడతారు. బెదిరిన గోలీలు బంతిని గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి):

పాత గోలీ గారూ, మీరు చెప్పినట్టే ఇద్దరినీ విడివిడిగా అడిగాను. నిన్న సాయంత్రం గోలీ ఇంటికి నేనే వెళ్ళాను. సెంటర్ బ్యాక్ ఊరికి బయలుదేరే ముందు హాస్టల్ అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

గోలీ ‘వదిలేయ్’ అని అరిచాడట. బంతి నాది, నువ్వు తప్పుకో అని అతని ఉద్దేశం. సెంటర్ బ్యాక్ సవర గ్రామం నుంచి వచ్చిన అబ్బాయి. ఇంట్లో సవర, బడిలో ఒడియా మాట్లాడతాడు. తెలుగు మైదానంలోనే నేర్చుకున్నాడు, అంటే నా నోటి నుంచి నేర్చుకున్నాడు. సాధనలో ఎవరైనా బంతిని కాలి దగ్గరే ఎక్కువసేపు పెట్టుకుంటే, ‘వదిలేయ్, వదిలేయ్’ అని నేను రోజూ అరుస్తుంటాను. వెంటనే ఇంకొకరికి కొట్టెయ్యమని నా అర్థం. ఆ అబ్బాయికి తెలిసిన వదిలేయ్ అదే. గోలీ కేక వినగానే బంతిని కొట్టెయ్యమంటున్నాడనుకుని దాని మీదికి పరుగెత్తాడు. ‘సార్, నేను మీరు చెప్పినట్టే చేశాను కదా’ అని అతను అడిగితే నాకు ఏం చెప్పాలో తోచలేదు.

గోల్‌కిక్‌ను దగ్గరివాడికి ఇవ్వమని చెప్పినది కూడా నేనే. వాన పడిన రోజు మానుకోమని చెప్పవలసింది, చెప్పలేదు. ఆ నాలుగు గోల్స్‌లో రెండు నా దగ్గరికే వస్తున్నాయి. ఈ సంగతి రేపు పిల్లల ముందు, గోలీని మార్చమన్న పెద్దల ముందు కూడా చెప్పబోతున్నాను. గోలీని మార్చడం లేదు.

నాగావళి (రాయగడ):

బాబూ, నేను ముప్పై ఏళ్ళు డ్రిల్ మాస్టారుగా పనిచేసి విరమించినవాణ్ణి. మీ రెండో ఉత్తరం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మన సరిహద్దు జిల్లాల జట్లన్నిటిలోనూ ఈ కష్టం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడుకునేటప్పుడు పిల్లలు ఒకరి భాష ఒకరికి సరిపెట్టుకుంటారు, మూడు భాషలూ కలిపి నవ్వుకుంటారు కూడా. కానీ బంతి గాలిలో ఉన్న రెండు క్షణాల్లో ప్రతివాడి నోటికీ అమ్మ నేర్పిన మాటే వస్తుంది. తెలుగు అబ్బాయి వదిలేయ్ అంటాడు, ఒడియా అబ్బాయి ఛాడ అంటాడు, కొండ పిల్లవాడు చాలాసార్లు ఏమీ అనడు, ఎందుకంటే తన మాట ఎవరికీ అర్థం కాదని అతనికి ముందే తెలుసు. మీ సెంటర్ బ్యాక్ ఆట మొత్తంలో ఎన్నిసార్లు నోరు విప్పాడో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వెనుక వరుసలో నిలబడేవాడికి మైదానమంతా కనిపిస్తుంది, జట్టులో అందరికంటే ఎక్కువ మాట్లాడవలసినవాడు అతనే.

నేను చేసిన పని చెబుతాను. జట్టుకు నాలుగే నాలుగు కేకలు పెట్టేవాణ్ణి, అవి నేను చెప్పకుండా పిల్లల చేతనే ఎంపిక చేయించేవాణ్ణి. దూరంగా కొట్టెయ్యమనడానికి ‘దూర్’ అనుకునేవాళ్ళు, తెలుగులో దూరం, ఒడియాలో దూర, ఇద్దరికీ అది సొంత మాటే. గోలీ తనది అనడానికి ‘కీపర్’ అనేవాడు. వెనుక మనిషి ఉన్నాడనడానికి ఒక మాట, తిరగడానికి చోటు ఉందనడానికి ఒక మాట, అంతే. ఆ నాలుగింటిలో ఒకటి సవర మాట ఉండేలా చూడండి. అందరూ తన మాటను అరుస్తుంటే ఆ కొండ పిల్లవాడు నోరు విప్పుతాడు. ఇక మీరు కూడా సాధనలో ఆ నాలుగు మాటలను వేరే అర్థంలో వాడకూడదు. నేర్పేవాడికి ఇదే అన్నిటికంటే కష్టం.

ఓడిన జట్టుతోనే మళ్ళీ ఆడడం గురించి పిల్లలకు ఒక సంగతి చెప్పండి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశపు జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయింది. ఆ తరువాత థాయిలాండ్‌నూ జపాన్‌నూ గెలిచి, సెమీఫైనల్ దాటి, ఫైనల్లో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదు వారు, ఒకప్పుడు మనలాగే బడిలో పాఠం చెప్పినవారు. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగాలేదు, మరుసటి ఏడాది కాన్సర్‌తో పోయారు. వెనుక వరుసలో ఆడే డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు మధ్యలో తలకు గాయమైతే రహీమ్ అతన్ని జట్టు నుంచి తీసేయలేదు, ముందు వరుసలోకి పంపారు. ఫైనల్లో రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే, ఇంకొకటి పి.కె. బెనర్జీది. ఓడిన మొదటి రోజునే మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టి ఉంటే ఆ ఫైనల్ దాకా జట్టు మిగిలేది కాదని నా నమ్మకం.

సెలవుల్లో పిల్లలు ఊళ్ళలో ఉంటారు కాబట్టి వాళ్ళకు పెద్ద పనులు పెట్టకండి. కోతల కాలం, ఇంట్లో పని ఉంటుంది. రోజుకు యాభై సార్లు గోడకు బంతి కొట్టి ఎడమ కాలితో ఆపడం చాలు.

వంశధార (గుణుపురం):

మీరు ఆడబోయే మైదానం పక్కనే మా ఇల్లు, ఎదుటి జట్టులో మా అన్నయ్య కొడుకు ఆడుతున్నాడు. అయినా ఎవరికైనా కంటికి కనిపించే సంగతులే కనుక చెప్పడంలో తప్పు లేదనుకుంటున్నాను. కార్తీకం నాటికి ఇక్కడి నేల ఎండి గట్టిపడుతుంది, బంతి మీ దగ్గరికంటే ఎత్తుగా లేస్తుంది, పొడవాటి బంతులను మొదటి బౌన్స్‌కు ముందే తీసుకోకపోతే తల మీదుగా వెళ్ళిపోతాయి. సాయంత్రం నాలుగు దాటాక పడమటి వైపు చూస్తూ ఆడేవారికి ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది. టాస్ గెలిస్తే మీ గోలీని ఏ సగంలో ఎటు నిలబెట్టాలో ముందే ఆలోచించుకోండి. మా పిల్లలు కూడా మొదటి ఆటలో తాము సొంతంగా గోల్ సృష్టించుకోలేకపోయామని అనుకుంటున్నారు, దాని మీదే సాధన చేస్తున్నారు. మంచి ఆట చూడాలని మా ఊరంతా ఎదురుచూస్తోంది.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి):

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సెలవులు ముగిశాయి, ఎనిమిది రోజులుగా సాధన సాగుతోంది. గోలీ మొదటి రోజు మైదానం గేటు దగ్గరే ఆగిపోయాడు. సెంటర్ బ్యాక్ వెళ్ళి అతని చేతిలో గ్లౌజులు పెట్టి లోపలికి తీసుకొచ్చాడు, నేను పిలవవలసిన అవసరం రాలేదు. పెద్దల్లో ఒకరిద్దరు ఇంకా పొడగరి అబ్బాయి పేరే చెబుతున్నారు. అతన్ని రెండో గోలీగా సిద్ధం చేస్తున్నానని, ఆటకు మాత్రం పాతవాడే దిగుతాడని వాళ్ళకు స్పష్టంగా చెప్పాను.

నాలుగు కేకలను పిల్లలే ఎంచుకున్నారు. ‘కీపర్’, ‘దూర్’ అలాగే ఉన్నాయి. వెనుక మనిషి ఉన్నాడనడానికి సెంటర్ బ్యాక్ తన ఇంటి మాట ఒకటి ఇచ్చాడు, దాన్ని సరిగ్గా పలకడానికి మా తెలుగు పిల్లలకు మూడు రోజులు పట్టింది. ఇప్పుడు అతను ఆట పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. నా నోటికి మాత్రం వదిలేయ్ అన్న మాట ఇంకా వస్తూనే ఉంది, వచ్చిన ప్రతిసారీ పిల్లలు చేయెత్తి చూపిస్తున్నారు. గోల్ గీత మీద పదకొండు మందినీ నిలబెట్టడం రోజూ చేస్తున్నాం. రైట్ బ్యాక్ చేతులు చొక్కాల మీదికి వెళ్ళకుండా, సాధనలో అతని చేత రెండు చేతుల్లో చిన్న టెన్నిస్ బంతులు పట్టించి ఆడిస్తున్నాను. త్రోలు దాదాపు కుదిరాయి, నిన్నటి సాధనలో ఒక్కటే తప్పింది.

విజిల్ గారిని చివరిగా ఒకటి అడగాలి. పేరు చెప్పకుండా ‘నాది’, ‘కీపర్’ అని అరిస్తే ఫౌల్ ఇస్తారని మా ఊళ్ళో చాలామంది అంటున్నారు. ఈ కేకల వల్ల మాకు ఫ్రీకిక్ పడే ప్రమాదం ఉందా?

విజిల్ (జయపురం):

పేరు చెప్పలేదన్న కారణంతో ఫౌల్ ఇవ్వమని నియమాల్లో ఎక్కడా లేదు. ఎదుటి ఆటగాణ్ణి మాటతో ఏమార్చితే మాత్రం తప్పు. అంటే బంతి వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు వాళ్ళవాడిలా ‘వదిలేయ్’ అని అరిచి మోసగిస్తే పసుపు కార్డు చూపి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ ఇస్తారు. మీ గోలీ తన బంతి కోసం ‘కీపర్’ అనడంలో ఏ ఇబ్బందీ లేదు, ఎవరు ఎవరికి చెబుతున్నారో రిఫరీకి కూడా తెలిసిపోతుంది. సవర మాట విషయంలో మాత్రం ఒక జాగ్రత్త తీసుకోండి. ఆ రోజు వచ్చే రిఫరీకి ఆ మాట తెలియకపోవచ్చు, ఎవరినో తిడుతున్నారని అపోహపడవచ్చు. టాస్‌కు వెళ్ళినప్పుడే మీ కెప్టెన్ చేత ఆ మాటనూ దాని అర్థాన్నీ ఆయనకు చెప్పించండి.